పాలోళ్ల నిప్పు

"పీనుగ బండి మడికొండ దాటిందట." కట్టమ్మ గడప బయటే నిలబడి చెప్పింది. "జర సేపట్ల ఊర్లుంటది. నువ్వింక తలకు నీళ్లే పోసుకోకపోతివి."

సమ్మమ్మ గోడకు ఆనుకొని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. నిన్న కట్టిన చీరే ఒంటి మీద ఉంది. పొయ్యిలో బూడిద తీయలేదు, వాకిలి ఊడ్వలేదు. పందిరి కింద ఎంగిలి విస్తళ్లు అలాగే పడి ఉన్నాయి. కాకులు వాటిని వీధిలోకి ఈడ్చుకుపోతున్నాయి.

నిన్న ఈ ఇంట్లో చనిపోయిన అత్త మొగిలమ్మ దినవారం. యాటను కోసి, పాలోళ్లయిన దాయాదులందరినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆ బంతిలో తిని లేచిన పోశయ్య చెయ్యి కడుక్కొని, కొట్టం వెనక నుంచి ఇంటి దారి పట్టాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఇల్లు చేరలేదు. సమ్మమ్మ మరిది మొండయ్య అతన్ని కొట్టం వెనకే పొడిచి చంపి మాయమయ్యాడు.

మొండయ్య చేతికి ఇది మొదటి చావైతే ఊరు ఇంతగా కుమిలిపోయేది కాదు. ఎనిమిదేళ్ల కిందట బాయి నీళ్ల వంతు దగ్గర ఒకణ్ణి నరికి యావజ్జీవం పడ్డవాడు. 'నేను చూసిన' అని కోర్టులో నిలబడి చెప్పింది ఈ పోశయ్యే. వరంగల్ జైల్లో జంపఖానాలు నేస్తున్నాడనీ, మనిషి మెత్తబడ్డాడనీ చూసొచ్చిన ప్రతివాళ్లూ చెప్పారు. తల్లి పోయిందని పెరోలు మీద వదిలారు. ఆ మాట ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు, అందరూ సెలవు అన్నారు.

"సెలవట, సెలవు," అంది కట్టమ్మ. "బడి పోరగాండ్లకు ఇచ్చినట్టు ఇచ్చిండ్రు. వీడు మంచిగ వాడుకున్నడు."

"ఊకో చిన్నత్తా."

"నేనూకుంటే ఊరూకుంటదా? లెవ్వు. తలకు పోసుకొని ఆ ఇంటికి నడువు."

"ఏ మొఖం పెట్టుకొని పోను?"

"ఉన్న మొఖమే పెట్టుకొని పో. సచ్చినోడు పాలోడు. మనకూ మైలనే. ఇది సంపినోని ఇల్లని మైలకు ఎరుకుంటదా?"

చిక్కంతా అక్కడే ఉంది. పగవాడి ఇంట్లో చావైతే తలుపు మూసుకొని కూర్చోవచ్చు. పాలోడి ఇంట్లో చావైతే అది తమ చావే. చచ్చినవాడి ఇంట్లో పొయ్యి ఆరితే చంపినవాడి ఇంట్లోనూ ఆరాలి, వాళ్లు తలకు పోసుకుంటే వీళ్లూ పోసుకోవాలి. అత్త మైల నిన్ననే తీరింది. తీరిన పూటే ఇది మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు పెద్దలు.

సమ్మమ్మ లేచి గాబు దగ్గరికి నడిచింది. గాబులో చెంబు ముంచింది గానీ పైకెత్తలేకపోయింది. చెంబు నీళ్లలోనే వదిలేసి వెనక్కి వచ్చింది.

"ఏమైందే?" అంది కట్టమ్మ.

"ఏం లేదు. బాయి కాడ పోసుకుంట."

అప్పుడే సారంగపాణి వాకిట్లోకి వచ్చాడు. పాలోళ్లందరిలో పెద్దవాడు, సమ్మమ్మకు మామ వరస. ఎప్పుడొచ్చినా గద్దె మీద కూర్చొని చుట్ట వెలిగించే మనిషి. ఇవాళ ఎండలోనే నిలబడిపోయాడు. ఆ ఇంటి గద్దె మీద కూర్చోవడానికి ఆయనకూ మనసొప్పలేదని సమ్మమ్మకు అర్థమైంది. సిగ్గుతో తలమీద కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది.

"ఠాణ కాడినుంచి వస్తాన బిడ్డా."

"ఆయన ఎట్లున్నడు మామా?"

"మంచిగున్నడని చెప్త. నువ్వు నమ్మకు."

సమ్మమ్మ మొగుడు వెంకట్రాజాన్ని నిన్న సాయంత్రమే తీసుకుపోయారు. తమ్ముడి పెరోలుకు జమానతు పడ్డవాడు, పూచీ ఉన్నవాడు ఆయనే.

"తమ్ముణ్ణి సూపెట్టి అన్నను తీస్కపోండ్రి అంటాండు జమేదారు," అన్నాడు సారంగపాణి. "అది వాళ్ల నాయం. మన కత వేరే ఉన్నది. పోశిగానికి కొడుకుల్లేరు, తోడబుట్టినోళ్లు లేరు. నిప్పు ఎవలు పట్టాలె?"

"నువ్వు లేవా?" అంది కట్టమ్మ.

"పెద్దోడు సిన్నోనికి నిప్పు వెట్టొద్దు, నీకెరుక లేదా? పాలోళ్లల్ల వానికి దగ్గరోడు, వానికంటె సిన్నోడు వెంకట్రాజమే. ఆయన తర్వాత ఇంకొకడున్నడు. వాని పేరు నేనెత్తను."

చంపినవాడి వంతు కూడా ఉంది ఆ నిప్పులో. ఆ మాట పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"కోసి కుట్టిన పీనుగ," అన్నాడు సారంగపాణి గొంతు తగ్గించి. "ఎండ జూస్తే గిట్లున్నది. పొద్దు గూకేదాక ఆపరాదు. మొండిగాడు ఎటు పోయిండో నీకేమన్న ఎరుకుంటే చెప్పు బిడ్డా. నువ్వు సాకిన పిల్లగాడు. నీకు చెప్పకుంట పోడు."

"నాకేం ఎరుక మామా."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, సమ్మమ్మకే భయమేసింది.

*

బావి దగ్గర తల మీద నీళ్లు పోసుకుంటూ ఆమె మళ్లీ అదే కథ తనకు తాను చెప్పుకుంది. రాత్రంతా చెప్పుకున్న కథే.

బంతి లేచాక తాను గాబు దగ్గర గంజులు తోముతోంది. మొండయ్య వచ్చాడు. 'వదినె, జర నీళ్లు పొయ్యి' అన్నాడు. మణికట్ల దాకా నెత్తురు. యాట నెత్తురనుకుంది. కోసింది వాడే కదా. పోసింది. వాడు వేళ్ల సందులు కూడా రుద్ది కడుక్కున్నాడు. 'ఎటు పోను వదినె?' అన్నాడు. చిన్నప్పుడు నాయన కట్టె తీసుకున్నప్పుడల్లా అలాగే అడిగేవాడు. 'మరిపెడకు పో, మా అవ్వగారింటికి' అంది. అలవాటుగా నోట్లోంచి వచ్చింది. ఆ తర్వాతే కదా కొట్టం వెనక కేకలు లేచింది.

కథ బాగానే ఉంది. ఒక్క దగ్గరే అతకదు. యాటను కోసింది పొద్దు పొడవకముందే. తునకలు కొట్టి, వండి, వడ్డించి, అందరూ తిని చేతులు కడుక్కున్నారు కూడా. మిట్టమధ్యాహ్నం అయ్యాక చేతుల మీద తడి నెత్తురు ఏ యాటది?

ఆమెకు అప్పుడే తెలుసు. తెలిసే పోసింది. తెలియకపోతే 'ఎటు పోను' అన్నవాణ్ణి 'ఎందుకు పోవాలె' అని అడిగి ఉండేది. అడగలేదు. తాను కాపురానికి వచ్చిన నాటికి వాడు దోగాడే పిల్లవాడు. అత్త కైకిలి పనికి పోతే చంకనేసుకొని తిప్పింది తనే, అన్నం కలిపి పెట్టింది తనే. ఆ ఒక్క క్షణం పోశయ్య ఆమెకు గుర్తు రాలేదు. ఈ పిల్లవాడు దొరికిపోతాడన్నదే గుర్తొచ్చింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పోసుకున్న నీళ్లు ఒంటి మీద నుంచి జారిపోతున్నాయి గానీ ఆ సిగ్గు మాత్రం అంగుళం కదల్లేదు.

*

ఆమె వెళ్లేసరికి పోశయ్యను వాకిట్లో దించారు. తెల్లగుడ్డలో మొహం ఒక్కటే కనబడుతోంది. సమ్మమ్మను చూసి ఆడవాళ్లు పక్కకు జరిగారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పలకరించలేదు. నలుగురు కలిసి జుట్టు పట్టుకొని ఈడ్చినా ఇంతకంటే నయంగా ఉండేది.

పోశయ్య భార్య చిలుకమ్మ తల దగ్గర కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"వచ్చినవా చెల్లె," అంది. "కూసో."

సమ్మమ్మ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "అక్కా, నన్ను రెండు కొట్టు."

"నిన్నెందుకు కొట్టుడు? నువ్వొచ్చి పిలిస్తివి. ఆయన పోనన్నడు."

"అక్కా..."

"పోను, వాని పక్కకు నేను కూసోను అన్నడు. ఒక్క ఆకు తక్కువైనా అత్తకు బువ్వ అందది, నా మీద భరోస పెట్టు బావా అని నువ్వంటివి. నువ్వు పోయినంక గూడ ఆయన లెవ్వలే. నేనే నూకిన. సమ్మమ్మ అంత బతిమాలుకున్నది, పోకుంటే ఏం బాగుంటది అన్న. పెట్టెలకెల్లి తెల్లంగి తీసి నేనే తొడిగిన." చిలుకమ్మ మొగుడి మొహం మీద వాలిన ఈగను కొంగుతో తోలింది. "నువ్వు ఒక తప్పు చేస్తే నేను ఒకటి చేసిన. మనిద్దరికి ఏం ఎరుక, వాని కడుపుల ఏమున్నదో."

చిలుకమ్మ తన తప్పును సమ్మమ్మ తప్పు పక్కన చేర్చి సమానంగా పంచుకుంటోంది. అందులో సగం కూడా ఆమెది కాదు.

"నాకు ఒక్కటే కావాలె చెల్లె. ఈయనను దిక్కులేనోని లెక్క పంపొద్దు. రాజం వచ్చి నిప్పు పట్టాలె."

"ఆయనను ఇడుస్తలేరక్కా."

"నువ్వు పోయి అడుగు. ఈయననేమో పిలుసుకపోతివి. రాజంను పిలుసుకరా."

దెప్పిపొడుపు కాదది. చిలుకమ్మకు దెప్పడం చాతకాదు, అడగడమే వచ్చు. సమ్మమ్మ లేచి నిలబడి సారంగపాణి వైపు చూసింది. "మామా, ఠాణకు పోదాం పా."

"పోయి ఏం చెప్తవ్?"

"పా చెప్త."

*

జమేదారు ఖాజా మొహినుద్దీన్ బల్ల ముందు కూర్చొని రొట్టె తింటున్నాడు. వీళ్లను చూసి చెయ్యి దులుపుకున్నాడు.

"ఏమమ్మా, యాదికొచ్చిందా?"

"మరిపెడల సూడుండ్రి సార్. మా అవ్వగారింట్ల."

"నీకెట్ల మాలూమ్?"

సమ్మమ్మ నేల చూపులు చూసింది. "సిన్నప్పుడు నా ఎంబడి ఆడికే వస్తుండె. వానికి ఇంకో జాగ ఎరుక లేదు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా మొత్తం మాట అబద్ధమే.

"ఆ ఇంట్ల ఎవరున్నరు?"

"మా అవ్వ."

"ఇంకా?"

"ఒక్కతే ఉంటది."

జమేదారు ఆమె మొహంలోకి చూశాడు. "ఇద్దర్ని సంపినోడు, ముసలామె ఒక్కతే," అని ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. లేచి జీపు తీయమని కేకేశాడు. సమ్మమ్మ నిన్నటి నుంచి వాడు దొరుకుతాడేమోనని భయపడింది గానీ, తల్లి సంగతి ఇంత సూటిగా తలపుకు రానివ్వలేదు. వాడు ఏం చేసి వచ్చాడో ఆ ముసలామెకు తెలియదు. బిడ్డ మరిది వచ్చాడని బుక్కెడు బువ్వ పెట్టి పక్క వేసి ఉంటుంది.

నిప్పు పెట్టగానే తిరిగి తీసుకొస్తానని సారంగపాణి మాట ఇచ్చాక వెంకట్రాజాన్ని వదిలారు. గోడ పట్టుకొని బయటికి వచ్చాడు. పెదవి చిట్లింది, కుడికాలు నేల మీద ఆనడం లేదు. సమ్మమ్మ భుజం ఇవ్వబోయింది. ఆయన పట్టుకోలేదు.

"నేను ముందు నడిచి కట్టెల సంగతి చూస్త. మెల్లగ రాండ్రి," అంటూ సారంగపాణి వడివడిగా వెళ్లిపోయాడు.

మొగుడూ పెళ్లాం ఎండలో ఊరివైపు నడిచారు. కాలువ కట్ట ఎక్కారు.

"మరిపెడ అని నీకెట్ల ఎరుక?" అన్నాడు వెంకట్రాజం.

"అనుకున్న."

"అనుకున్నవా."

"మరి ఇంకేడికి పోతడు?"

వెంకట్రాజం ఆగాడు. కాలు నొప్పికి కాబోలు అనుకుంది. ఆయన ఆమె వైపు తిరగకుండానే అన్నాడు. "నేను గాబు అవుతల ఎడ్లకు కుడితి పెడ్తాన అప్పుడు. నువ్వు నీళ్లు పోసుడు సూసిన."

సమ్మమ్మ కాళ్లు అక్కడే నిలిచిపోయాయి.

"ఏదో చెప్పినవ్ వానికి. ఏం చెప్పినవో ఇనరాలే. వాడు ఉరుకుడు మాత్రం సూసిన."

"మరి రాత్రి... వాళ్లు గంత కొట్టంగ..."

"తమ్ముడు ఏడికి పోయిండు, ఎవలు పంపిండ్రు అని అడిగిండ్రు. చెప్తే నీ పేరెత్తాలె."

ఆమెకు ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. తాను ఒకణ్ణి కాపాడబోయి ఊరి ముందు అమాయకురాలిలా కూర్చుంటే, తనను కాపాడటానికి ఈ మనిషి తెల్లవార్లూ దెబ్బలు తిన్నాడు.

"నేను యాట నెత్తురనుకున్న," అంది. ఆ కథను మొదటిసారి పైకి చెప్పింది.

"నేను గూడ అట్లనే అనుకుందామని సూసిన సమ్మమ్మా," అన్నాడు వెంకట్రాజం. "అనుకోరాలే."

"నన్ను తిట్టు. కొట్టు."

"తిట్టి ఏం చేస్త? నేను గూడ అరిసి వాణ్ణి ఆపకపోతి. కుడితి కుండ పట్టుకొని నిలవడ్డ. తమ్ముడు గదా." కాస్త ఆగి మళ్లీ అన్నాడు. "అప్పటికి పోశన్న పానం ఉన్నదో లేదో. ఉరికి పోతే బతుకుతుండెనేమో. మనిద్దరం గాబు కాడనే ఉన్నం."

ఆ సంగతి సమ్మమ్మ రాత్రంతా ఏ కథలోనూ పెట్టుకోలేదు. కట్ట మీద కూర్చుండిపోయింది. వెంకట్రాజం చేయి ఇవ్వలేదు, ముందుకూ పోలేదు. ఆమె లేచేదాకా ఎండలో నిలబడ్డాడు.

"చిలుకమ్మక్కకు ఎరుకైతే నేను బతుక," అంది లేస్తూ.

ఆయన కుంటుకుంటూ ముందుకు నడిచాడు.

*

వాకిట్లో పాడె సిద్ధంగా ఉంది. డప్పులవాళ్లు అరుగు పక్కన డప్పులు కాచుకుంటున్నారు. వెంకట్రాజం కుంటుతూ రావడం చూసి అందరూ దారి ఇచ్చారు. చంపినవాడి అన్న అని ఎవరూ వేలెత్తి చూపలేదు. పోశయ్యకు దిక్కు దొరికిందన్న తేలిక ఆ మొహాల్లో కనబడింది.

బావి నీళ్లు నెత్తిన కుమ్మరించుకొని, తడిబట్టతో వచ్చి పోశయ్య కాళ్ల దగ్గర నిలబడ్డాడు వెంకట్రాజం. చిలుకమ్మ లేచి ఆయన ఎదురుగా వచ్చింది.

"వచ్చినవా రాజం. దెబ్బలు బాగ తాకినయా?"

"లేదు వదినె."

"నీ తమ్ముడు చేసినదానికి నువ్వేం చేస్తవ్, సమ్మమ్మ ఏం చేస్తది పాపం. నా కడుపుల మీ మీద ఏం లేదు. మీ అన్నను మంచిగ సాగనంపు, అంతే."

కట్టమ్మ ముక్కు చీదింది. ఆడవాళ్లలో ఒకామె చిలుకమ్మను పట్టుకొని బావురుమంది. సమ్మమ్మ మాత్రం ఆ 'పాపం' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మొగుడు నిప్పు పట్టుకుంటే చాలు. పాడె లేస్తుంది, అంతా వల్లకాటికి పోతారు, ఈ మాట ఎప్పటికీ ఎవరికీ తెలియదు. పట్టుకో, పట్టుకో అని లోపల మొక్కుకుంది. అలా మొక్కుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

సారంగపాణి నిప్పుకుండను తాడుతో ఎత్తి తెచ్చాడు. "పట్టు బిడ్డా. పొద్దు వాలుతాంది."

వెంకట్రాజం చేతులు ముందుకు రాలేదు.

"పట్టు రాజం."

"జర ఆగు కాకా."

"ఇంక ఆగుడేంది?"

"వదినెకు ఒక ముచ్చట చెప్పేదున్నది," అన్నాడు వెంకట్రాజం. "అది ఇన్నంక గూడ నన్నే పట్టమంటె పడ్త. వద్దంటె పోయి ఠాణల కూసుంట."

సారంగపాణి కుండతో అలాగే నిలబడ్డాడు. డప్పు కాస్తున్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

వెంకట్రాజం పెళ్లాం వైపు తిరిగాడు. ఠాణా నుంచి వచ్చాక ఆమె మొహంలోకి చూడటం అదే మొదలు. ఆయన కళ్లల్లో కోపం లేదు. "నువ్వు చెప్తవా సమ్మమ్మా," అన్నాడు, "నన్ను చెప్పమంటవా?"

సమ్మమ్మ చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఆమె ఒక్కతే మిగిలింది వాకిలి నడుమ.

చిలుకమ్మ దగ్గరికి వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"ఏం ముచ్చట చెల్లె?" అని అడిగింది.